ఏటి నీళ్లకు బేరం

భీమిలి తీరంలో పేరిందేవి అనే మేక ఉండేది. బేరమాడటంలో ఆ చుట్టుపక్కల దాన్ని మించినవాళ్లు లేరు. అది సంతలోకి అడుగుపెడితే చాలు, అమ్మేవాళ్లు ముందుగానే ధర రెట్టింపు చేసి కూర్చునేవారు. అది సగానికి బేరమాడి, తల ఎగరేసుకుంటూ ఇంటికి వచ్చేది. ఎవరికీ నష్టం లేదు, అందరికీ సంతోషమే.

ఆ ఏడు దానికి నార్వే చూడాలని బుద్ధి పుట్టింది. అక్కడ వేసవిలో పొద్దు గూకదని వలస పిట్టలు చెప్పగా విన్నది. పిల్లల్ని చెల్లెలి దగ్గర వదిలి, పొరుగునున్న ఎద్దు సింహాద్రిని తోడు రమ్మంది. సింహాద్రి నెమ్మదస్తుడు, పిలిస్తే కాదనడు. జంతువుల లోకంలో చెల్లేది వేరుశెనగకాయే కాబట్టి, పెద్ద సంచి నిండా కాయలు నింపి పేరిందేవి మెడకు తగిలించుకుంది. ఇద్దరూ తిమింగలం వీపెక్కారు.

అక్కడ దింపుతూ తిమింగలం ఒకటే మాట చెప్పింది. "తిరుగు ప్రయాణానికి కుంచెడు కాయలు. తొలి మంచు పడకముందే వెళ్లిపోతాను. కాయలు లేనివాళ్లు ఇక్కడే ఉండిపోవాలి."

"కుంచెడెందుకు, అరకుంచెడు చేసుకో" అంది పేరిందేవి.

తిమింగలం అప్పటికే నీళ్లలో మునిగింది.

రేవులో ఎలుగుబంటి రొట్టెల దుకాణం పెట్టుకుంది. పేరిందేవి ధర విని గుండె మీద కాలేసుకుంది. "ఒక్క రొట్టెకి ఇన్ని కాయలా! సగానికిస్తావా?"

"ధర అంతే" అంది ఎలుగుబంటి.

"అయితే వద్దులే!" అని పేరిందేవి గిరుక్కున తిరిగి నడక మొదలుపెట్టింది. భీమిలిలో అయితే నాలుగడుగులు వెయ్యకముందే వెనక్కి పిలుస్తారు. అది మెల్లగా నడిచింది. ఇంకా మెల్లగా నడిచింది. ఆగి, గిట్టలో ముల్లు గుచ్చుకున్నట్టు నటించి వెనక్కి చూసింది. ఎలుగుబంటి రొట్టెలు సర్దుకుంటోంది.

"ఏం మనుషులు తమ్ముడూ, పిలవడమే తెలీదు వీళ్లకి" అంది సింహాద్రితో. నిజంగానే మనసు నొచ్చుకుంది దానికి.

ఈ తమాషా అంతా రేవ్ అనే తెల్లనక్క పొద చాటు నుంచి చూసింది.

ఊరు దాటి అడవిలోకి వచ్చేసరికి ఇద్దరికీ నాలుక పిడచకట్టుకుపోయింది. ఎదురుగా ఏరు గలగలా పారుతోంది. సింహాద్రి తల వంచబోతే పేరిందేవి కొమ్ముతో పొడిచింది. "ఆగరా! ధర కనుక్కోకుండా మూతి పెట్టేస్తావేటి? తాగాక వాడెంత చెబితే అంత ఇవ్వాలి." అని అటూ ఇటూ చూసి, గట్టు మీద కూర్చున్న నక్కను అడిగింది. "బాబూ, ఈ నీళ్లెంత?"

రేవ్ ఒక్క క్షణం తెల్లబోయాడు. తను పుట్టాక ఆ ఏటికి ధర అడిగినవాళ్లు ఎవరూ లేరు. తర్వాత గొంతు సవరించుకున్నాడు. "తలకి నాలుగు దోసిళ్ల కాయలమ్మా."

"నాలుగా! రెండు చేసుకో."

"కుదరదమ్మా, మంచుకొండ నీళ్లు."

"అయితే వద్దు, పద తమ్ముడూ!" పేరిందేవి నడక మొదలుపెట్టింది. రెండడుగులైనా వెయ్యలేదు.

"అమ్మా, అమ్మా, ఆగండి! మీరు దూరం నుంచి వచ్చారు. రెండే ఇవ్వండి" అంటూ రేవ్ పరిగెత్తుకొచ్చాడు.

ఆ పిలుపుతో పేరిందేవి ప్రాణం లేచొచ్చింది. "చూశావా! సగానికి దించాను" అని సింహాద్రి చెవిలో గొణిగింది. సింహాద్రి మాత్రం "అక్కా, ఈ ఏరు వీడిదేనంటావా?" అని అడిగాడు. "నోర్ముయ్, వింటే ధర పెంచేస్తాడు" అంది.

ఆ తర్వాత అన్నీ అలాగే సాగాయి. పొదల్లో నీలం పళ్లు తినడానికి ధర, నాచు మీద నడవడానికి ధర. దేవదారు కింద పడుకోవడానికి రేవ్ ధర చెబితే పేరిందేవి ఫక్కున నవ్వింది. "పొద్దే గూకని ఊళ్లో రాత్రి బసకి అద్దేటి బాబూ!"

రేవ్ ఓడిపోయినట్టు మొహం పెట్టి, సగం తగ్గించాడు. పేరిందేవి ఆనందానికి పట్టపగ్గాలు లేవు. రోజూ కాయలిస్తూ, రోజూ గెలుస్తూ, రోజూ తేలికైపోతున్న సంచిని మెడలో వేసుకుని తిరిగింది.

ఒక పొద్దున గాలిలో చలి కొరకడం మొదలైంది. ఏటి దగ్గర పెద్ద కొమ్ముల దుప్పి ఒకటి నిలబడి తాపీగా నీళ్లు తాగుతోంది. అది ఐనార్, ఆ అడవికి పెద్ద. పేరిందేవికి ఒళ్లు మండింది.

"ఓ పెద్దాయనా! కాయలిచ్చి తాగుతున్నావా, ఊరికే తాగేస్తున్నావా? ఈ ఏటి ఆసామి చూస్తే ఊరుకోడు!"

ఐనార్ మూతి పైకెత్తాడు. "ఏటికి కాయలేమిటమ్మా? ఇక్కడ నీళ్లూ, పళ్లూ, చెట్టు నీడా ఎవరికైనా ఉచితమే. అడవి నేలలో దొరికింది ఎవరు ఏరుకుంటే వాళ్లది. ఇది మా ఆచారం. వీటిని అమ్మినవాణ్ణి అడవి దాటించి మంచులోకి తరిమేస్తాం. ఎవరైనా అమ్మారా నీకు?"

పేరిందేవి నోటి దాకా వచ్చిన మాట మింగేసింది. భీమిలి సంతని గడగడలాడించిన తను ఏటి నీళ్లు కొనుక్కుందని ఎలా చెప్పుకుంటుంది? "అబ్బే, ఊరికే అడిగాను" అని నవ్వింది. నవ్వు సగంలోనే ఆగిపోయింది. సంచి తడిమి చూసుకుంటే అడుగున గుప్పెడు కాయలు కూడా లేవు.

సింహాద్రి దగ్గరకొచ్చి బోరుమంది. "తమ్ముడూ, నిన్నూ ముంచేశాను. ఈ పల్చటి బొచ్చుతో ఈ చలికి బతుకుతానా? నా పిల్లలు నా కోసం రేవులో నిలబడి ఉంటారు." తనని తాను తిట్టుకుంది. ఇన్నాళ్లూ గెలిచాననుకుని మురిసిన ప్రతిసారీ గుర్తొచ్చి సిగ్గుతో ముడుచుకుపోయింది.

సింహాద్రి నెమరు ఆపాడు. "ఏడవకక్కా. ఆ కాయలు ఎక్కడున్నాయో నాకు తెలుసు. ఆ విరిగిన దేవదారు మొదట్లో రేవ్ పాతిపెట్టాడు. పుట్టినకాడి నుంచి వేరుశెనగ మేత మేసినోణ్ణి, వాసన పట్టనా?"

"ముందే చెప్పొచ్చు కదరా!"

"నువ్వు బేరంలో ఉన్నావు."

పేరిందేవి కళ్లు తుడుచుకుంది. కాసేపు గడ్డం ఆడిస్తూ ఆలోచించి, తిన్నగా ఐనార్ దగ్గరికి వెళ్లింది. "అయ్యా, మా వాడికి నేలలో ఏదో తిండి వాసన తగిలింది. తవ్వుకోవచ్చా? పరాయి ఊరు, తప్పు జరక్కుండా మీరుంటే బాగుంటుంది."

ఐనార్ వచ్చి నిలబడ్డాడు. సింహాద్రి కొమ్ములతో నేల పెళ్లగించాడు. కాయలు కుప్పగా బయటపడ్డాయి. అంతలో ఎక్కడి నుంచో రేవ్ ఊపిరి అందకుండా పరిగెత్తుకొచ్చాడు.

"ఆగండి! అవి నావి! నేను పాతుకున్నవి!"

ఐనార్ ఒక కాయని మూతితో అటూ ఇటూ దొర్లించి చూశాడు. "ఇవి మన దేశంలో పండవే. నీకెలా వచ్చాయి రేవ్?"

రేవ్ నోరు తెరిచాడు. పేరిందేవి ఎంతో ముద్దుగా అంది, "చెప్పు బాబూ. ఏమైనా అమ్మితే వచ్చాయా?"

రేవ్ నోరు మూసుకున్నాడు. పేరిందేవి పక్కకి జరిగి, పెదవి కదపకుండా, "సగం నీకు, సగం నాకు" అన్నాడు.

"ఏటి బాబూ? గట్టిగా చెప్పు, అయ్యగారికి వినబడాలి."

రేవ్ తోక కాళ్ల మధ్యకి జారింది. "ఏమీ లేదు. నావేమో అనుకున్నాను. కావు."

"నీవి కాకపోతే ఏరుకున్నవాళ్లవే. వీళ్లు అతిథులు, పైగా వీళ్లవి గిట్టలు. నీ పంజాలతో సంచిలోకి ఎత్తిపెట్టు" అన్నాడు ఐనార్.

రేవ్ ఒక్కొక్క కాయే ఎత్తి సంచిలో వేశాడు. కింద పడినవి కూడా పేరిందేవి చూపించి మరీ వేయించింది. సంచి నిండాక దాన్ని మోసుకుని, తిమింగలం ఇంకా ఆగి ఉన్న రేవు దాకా కూడా అతనే వచ్చాడు, ఐనార్ వెనకే నడుస్తున్నాడు మరి.

ధర ఎంతని అడిగే ముందు, అసలది అమ్మేదేనా అని అడగాలి.