రాజుగారి ముంజెలు, తలారి సెలవులు

పూర్వం సముద్రపు గాలి తగిలేంత దూరంలో తాళ్ళపురం అని ఒక రాజ్యం ఉండేది. దాన్ని ఏలే రణధవళ మహారాజుకు తన మాట మీద మహా గురి. తాను నోరు విప్పి అన్నది సూర్యచంద్రులు ఉన్నంతకాలం నిలవాలని ఆయన పట్టుదల. అన్న మాట తప్పో ఒప్పో చూసుకునే అలవాటు మాత్రం లేదు.

ఆ కోటలో ఓబులేసు అనే తలారి ఉండేవాడు. ఊరికి కావలి కాయడం, దొంగల్ని పట్టడం, జనం గుమిగూడిన చోట తొక్కిసలాట జరగకుండా చూడడం తలారుల పని. పండుగ వచ్చిందంటే ఊరందరికీ సంబరం, వాళ్ళకు మాత్రం రెండింతల చాకిరీ. పండుగనాడు పని చేసినవాడికి తరువాత బదులు సెలవు ఇవ్వాలని రాజుగారి తాతల నాటి కట్టుబాటు. కట్టుబాటు అలాగే ఉంది, సెలవే రావడం లేదు. చవితి సెలవు దసరా వెళ్ళాక తీసుకోమన్నారు. దసరా వెళ్ళేసరికి పొరుగు రాజు విడిదికి దిగాడు. ఆయన కదిలాడో లేదో మహారాజు పుట్టినరోజు వచ్చి పడింది.

ఓబులేసు భార్య నాంచారమ్మ పురిటికి ఏటి అవతల పుట్టింటికి వెళ్ళి, అక్కడే ఆడపిల్లను కన్నది. బిడ్డ మరీ పసిగుడ్డని కొన్నాళ్ళు, ఏరు పొంగిందని కొన్నాళ్ళు ఆగింది. భర్త వచ్చి తీసుకుపోతాడని ఆ పైన ఎదురుచూస్తూ ఉండిపోయింది. ఆ రావడమే అతనికి కుదరలేదు.

ఊరూరా గాజులమ్మే మల్లమ్మ వచ్చినప్పుడల్లా కబురు తెచ్చేది.

"పిల్ల బోర్లా పడుతోంది ఓబులేసూ."

"ఎవరి పోలిక అవ్వా?"

"నాకేం తెలుస్తుంది నాయనా, ఇంతలేసి కళ్ళు. నువ్వే వచ్చి చూసుకోమంది నీ పెళ్ళాం."

చలి తగ్గాక వచ్చి, పిల్ల పాకుతోందని చెప్పింది. ఒక కాలు ముడుచుకుని, రెండోది ఈడ్చుకుంటూ పాకుతుందట. అది ఎలా ఉంటుందో ఊహించుకోవాలని ఓబులేసు ఎంత ప్రయత్నించినా బొమ్మ కుదిరేది కాదు. తిరునాళ్ళలో తప్పిపోయిన ఎవరి పిల్లో ఏడుస్తుంటే ఎత్తుకుని తల్లి కోసం వెతికాడు. తల్లి దొరికింది. పిల్లను అందుకోవడానికి ఆమె చేతులు చాస్తే, ఇవ్వడానికి ఇతనికి ఒక్క క్షణం చేతులు రాలేదు. ఆమె వింతగా చూసేసరికి సిగ్గుపడి ఇచ్చేశాడు.

చైత్రమాసంలో ఒకనాడు తలారులంతా ధైర్యం చేసి కొలువులో మొర పెట్టుకున్నారు. మహారాజు మీసం మీద చెయ్యి వేసి విన్నాడు.

"మీ సెలవులు ఎక్కడికి పోయాయిరా? నా దగ్గర భద్రంగా ఉన్నాయి. నా రాజ్యంలో భద్రంగా దాచినదానికి నష్టం లేదు. ఇవాళ ఇచ్చినా ఒకటే, ఏడాదికి ఇచ్చినా ఒకటే. అంత తొందరైతే పండుగ పనికి రెట్టింపు బత్తెం పుచ్చుకోండి."

ఓబులేసు తల వంచుకునే అన్నాడు. "బత్తెం ఇంటికి పంపుకోగలను ప్రభూ. నన్ను నేను పంపుకోలేకపోతున్నాను."

రాజుగారికి ఆ మాట నచ్చలేదు. "చెప్పాను కదా, ఒకటే" అన్నాడు.

ఆ పక్కనే సింగనార్యుడు కూర్చుని ఉన్నాడు. ఆయన రాజుగారి ఆంతరంగికుడు, మాటకారి, వయసు మళ్ళినవాడు. మెల్లగా లేచి చేతులు జోడించాడు.

"మహాప్రభూ, ఎంత గొప్ప మాట సెలవిచ్చారు. భద్రంగా దాచినది ఎప్పుడిచ్చినా ఒకటే. ఇది తలారుల సెలవులకేనా, అన్నిటికీ వర్తిస్తుందా?"

"అన్నిటికీ వర్తిస్తుంది. నా మాట కదా" అన్నాడు రాజు.

"అయితే ఈ వేసవి మన తాటితోపు బాధ్యత నాకు ఇప్పించండి. తమరి ముంజెలు నేనే చూసుకుంటాను."

రణధవళ మహారాజుకు ముంజెలంటే ప్రాణం. ఎండలు ముదిరాక మధ్యాహ్నం పూట చల్లని లేత ముంజెలు నోట్లో పడితే గానీ ఆయన కోపం దిగేది కాదు. సంతోషంగా ఒప్పుకున్నాడు.

గెలలు దిగే వేళ వచ్చింది. మొదటి రోజు మధ్యాహ్నం రాజు అడిగాడు. "ముంజెలేవీ?"

"ఇవాళ రాయబారులు వచ్చారు కదా ప్రభూ, తీరిక ఉండదని దింపించలేదు. తమ వంతు చెట్టు మీదే భద్రంగా ఉంది."

మర్నాడు లెక్కల సభ. ఆ మర్నాడు గుర్రాల తనిఖీ. ఏ రోజు అడిగినా సింగనార్యుడు వినయంగా ఒకటే జవాబు చెప్పేవాడు. ఒక్క కాయ కూడా ఎవరూ ముట్టలేదనీ, తోపు చుట్టూ కావలి ఉందనీ చెప్పేవాడు. గట్టిగా అడుగుదామంటే నిండు కొలువులో అన్న మాట అడ్డం వచ్చేది. రాజు నోరు ఊరుతున్నా మీసం దువ్వుకుని ఊరుకునేవాడు. కిటికీలోంచి తోపు కనిపిస్తుంటే అటే చూస్తూ భోజనం చేసేవాడు.

తోపు కావలి ఓబులేసుకే పడింది. ఒకనాడు సింగనార్యుడు అటు వచ్చినప్పుడు అతను అడిగాడు. "అయ్యగారూ, ఇది నా కోసమే చేస్తున్నారని తెలుసు. ఇంకెన్నాళ్ళు పడుతుంది?"

ముసలాయన గెలల వైపు చూశాడు. "కాయ ముదరాలి నాయనా. ఈ లోపు నీ బిడ్డ ఎదుగుదలా ఆగదు. అది నా చేతిలో లేదు."

ఓబులేసు బల్లెం భుజాన వేసుకుని మళ్ళీ తోపు చుట్టూ తిరగడానికి వెళ్ళాడు.

జ్యేష్ఠం చివర తొలకరి చినుకులు పడ్డాయి. ఆ రోజు సింగనార్యుడు గెలలన్నీ దింపించి కొలువులో రాశిగా పోయించాడు.

"ప్రభూ, తమరికి రావలసినవన్నీ ఒకేసారి చెల్లిస్తున్నాను. ఒక్కటీ తగ్గలేదు."

రాజు ఆత్రంగా సింహాసనం దిగివచ్చాడు. కాయ కొట్టించి చూస్తే లోపల పీచు, పీచు మధ్యన టెంకె. వేలితో నొక్కాడు, దిగలేదు. ఇంకొకటి కొట్టించాడు. అదీ అంతే. ముఖం ఎర్రబడింది.

"ఇవి ముంజెలా? రాళ్ళు. నా వేసవి అంతా పాడుచేశావు."

"నష్టం ఎక్కడుంది ప్రభూ? అప్పుడు ఇచ్చినా ఇప్పుడు ఇచ్చినా ఒకటే అని తమరే సెలవిచ్చారు. వీటినీ అంత భద్రంగానే దాచాను." సింగనార్యుడు గొంతు తగ్గించాడు. "తోపు కాసిన తలారి బిడ్డ పుట్టి ఏడాది కావస్తోంది. వాడింకా ముఖం చూడలేదు. తమరికి వచ్చే ఏడు మళ్ళీ ముంజెలు వస్తాయి. ఆ పిల్ల మళ్ళీ పుట్టదు."

మహారాజు చేతిలోని టెంకెను చూశాడు. గుమ్మం దగ్గర బల్లెం పట్టుకుని నిలబడ్డ ఓబులేసును చూశాడు. రాజు పెదవి మెల్లగా వంగింది, తరువాత భుజాలు కదిలాయి, చివరకు పొట్ట పట్టుకుని నవ్వాడు.

"నన్ను నా మాటతోనే ఎండగట్టావు, సింగనార్యా. సరే విను. ఇకనుంచి నా రాజ్యంలో సెలవు ముదరడానికి వీల్లేదు. పండుగ వెళ్ళిన పక్షంలోపే ఇచ్చెయ్యాలి. ఇంతవరకు ఆగినవి ఇవాళ్టినుంచే వంతులవారీగా ఇవ్వాలి. ముందు వీడికి." తన ముంజేతి కంకణం తీసి ముసలాయన చేతికి తొడిగాడు. "వచ్చే వేసవి మాత్రం నువ్వు తాటితోపు ఛాయలకు రాకు."

ఓబులేసు ఆ పూటే బయలుదేరి, ఏరు దాటి అత్తవారి ఊరు చేరాడు. వాకిట్లో బియ్యం చెరుగుతున్న నాంచారమ్మ చేట పట్టుకునే లేచి నిలబడింది. ఆమె వెనక చీర అంచు పట్టుకుని ఒక పిల్ల తూలుతూ నిలబడింది. ఇంతలేసి కళ్ళు. తలపాగా మనిషిని చూసి ముఖం దాచుకుంది.

"నడుస్తోందే" అన్నాడు ఓబులేసు.

"మొన్నటినుంచి. పాకడం మానేసింది మావా."

అతను అరుగు మీద కూలబడ్డాడు. "ఒక కాలు ఈడ్చుకుంటూ పాకేదట కదా" అన్నాడు.

నాంచారమ్మ అతని ముఖం చూసింది. చేట పక్కన పెట్టి, కొంగు బిగించి, మోకాళ్ళ మీద వంగింది. ఒక కాలు ముడుచుకుని, రెండోది ఈడ్చుకుంటూ వాకిలి ఈ కొస నుంచి ఆ కొసకు పాకి చూపించింది. తల్లికి ఏమైందో తెలియక పిల్ల రెప్ప వేయకుండా చూసింది. తరువాత చతికిలబడి, చేతులు నేలకు ఆనించి, సరిగ్గా అలాగే ఆమె వెంట పాకడం మొదలుపెట్టింది.