పెళ్ళిచూపుల్లో వెలిగిన ఫోను

బొబ్బిలిలో సంబంధాలు కుదిర్చే పోలినాయుడు ఏ పని చేసినా ఈ కొసనో ఆ కొసనో ఉండేవాడు గానీ మధ్యలో ఆగేవాడు కాదు. నవ్వకండి, నాకైతే కొస ఎక్కడుందో కూడా తెలియదు.

ఆయన ఫోనులో అందరి ఇళ్ళ సంగతులూ ఉండేవి. తాళం మాత్రం ఉండేది కాదు. ఏ మెసేజి వచ్చినా మోగి, వెలిగి, పెద్ద అక్షరాల్లో కనిపించేది.

ఒకరోజు గవరయ్యగారింట్లో పెళ్ళిచూపులు. పెళ్ళికొడుకు లోకనాథం కరెంటు లైన్‌మన్. అతను పెట్టుకున్నది విగ్గు. "అమ్మాయితో విడిగా మాట్లాడేటప్పుడు నేనే చెబుతాను, మీరు ఆ మాట ఎత్తకండి" అని నాయుణ్ణి ముందే కోరాడు. నాయుడు ఒట్టు పెట్టాడు. పెట్టి, ఫోను తీసి జంతికల పళ్ళెం పక్కన ఉంచాడు.

అమ్మాయి హైమ వచ్చి కూర్చుంది. ఫోను టింగుమంది. అందరూ అటు చూశారు. నాయుడి భార్య మెసేజి: "విగ్గు సంగతి అబ్బాయి చెప్పేశాడా?"

లోకనాథం ముఖం పాలిపోయింది. ఎవరూ ఏమీ అనకముందే లేచి వెళ్ళిపోయాడు.

నాయుడు సిగ్గుతో తిన్నగా సెల్‌ఫోన్ల కొట్టుకు వెళ్ళాడు. "మోత వద్దు, వెలుగు వద్దు, అక్షరం కనబడొద్దు. అన్నీ కట్టెయ్యమ్మా" అన్నాడు.

"అప్పుడు మెసేజి వచ్చినట్టు మీకూ తెలీదు మావయ్యా" అంది కొట్టు నడిపే రమణమ్మ.

"తెలీకపోతే పోయె. పరువు దక్కితే చాలు."

ఊరి గుట్లన్నీ భద్రంగా ఉన్నాయని నాయుడు హాయిగా తిరిగాడు. కొన్నాళ్ళకు హైమే ఆయన గుమ్మంలోకి వచ్చింది.

"బాబాయ్, నా మెసేజిలు చూసి కూడా ఊరుకున్నారా?"

"ఏ మెసేజిలమ్మా?"

"ఆరోజు లేచి వెళ్ళిపోయినాయన నంబరు నా దగ్గర లేదు. ఒకసారి రమ్మనమని మీకు రాస్తూనే ఉన్నాను. ఈ సాయంత్రం నాన్న వేరేవాళ్ళకి మాటిచ్చేస్తారు."

నాయుడు ఫోను తెరిచాడు. వరసగా హైమ మెసేజిలే. మొదటిదాంట్లో ఇలా ఉంది: "ఆయన చెప్పాల్సిన మాట మీ ఫోను చెప్పేసింది. నాకు ఆయన నోటివెంటే వినాలనుంది."

నాయుడు స్కూటరెక్కి ఊరంతా గాలించాడు. లోకనాథం కరెంటు స్తంభం మీద దొరికాడు.

"దిగు నాయనా, హైమ రమ్మంది."

"మళ్ళీ నవ్వులపాలవడానికా?"

"నవ్వితే నన్ను చూసి నవ్వుతారు. నువ్వు దిగు."

లోకనాథం విగ్గు లేకుండానే వెళ్ళాడు. ఇద్దరూ పెరటి అరుగు మీద చాలాసేపు మాట్లాడుకున్నారు. తర్వాత హైమ లోపలికొచ్చి, "నాన్నా, వాళ్ళకి మాటివ్వకండి" అంది. గవరయ్య కూతురి ముఖం చూసి, వాళ్ళకి చేయబోయిన ఫోను పక్కన పెట్టేశాడు.

నాయుడు మళ్ళీ కొట్టుకు వెళ్ళాడు. రమణమ్మ ఫోను సరిచేసింది.

"ఇక మోగుతుంది. మెసేజి వచ్చిందని మాత్రమే చూపిస్తుంది. అందులో ఏముందో చదవాలంటే మీరు తాళం తీయాల్సిందే."

"ఇది మొన్నే ఎందుకు చెప్పలేదమ్మా?"

"చెప్పనిచ్చారా మావయ్యా?"

నీతి: ఒకరి గుట్టు మన దగ్గరుంటే నలుగురి కంటా పడకుండా దాచాలి, కానీ మనల్ని నమ్మి పిలిచినవాళ్ళ పిలుపు మనకే వినబడనంతగా తలుపులు బిగించుకోకూడదు.