గాలి పెట్టె, బల్లి పలుకు

తాడేపల్లిగూడెంలో సుభద్రమ్మగారి ముందు గదిలో ఒక గాజు తొట్టి ఉండేది. అందులో పసుపు, కుంకుమ అని రెండు బంగారు చేపలు, వాటి వెనకాల అల్లరి చేస్తూ గప్పీలనే చిట్టి చేపల గుంపు. పసుపు పెద్దది, దాని మొప్పలు బలహీనం. నీళ్ళలో బుడగలు కాసేపు ఆగితే చాలు, పైకి తేలి నోరు తెరిచేది. అందుకే చెల్లెలు కుంకుమకు ఎప్పుడూ అక్క ఊపిరి మీదే ధ్యాస.

ఎండాకాలంలో కరెంటు ఎప్పుడు పోతుందో దేవుడికే తెలియాలి; అది పోతే తొట్టిలో బుడగలు ఊదే పెద్ద మోటారు ఆగిపోయేది. అందుకని సుభద్రమ్మ తొట్టి కింది అలమారలో ఒక బ్యాటరీ పెట్టె పెట్టించింది. కరెంటు పోగానే అది గుర్రుమంటూ తనంతట తానే మొదలై, అలమార వెనక కన్నంలోంచి వేసిన గొట్టం గుండా నీళ్ళలోకి గాలి ఊదేది.

ఆ కన్నం మీదే ఓ ఎలుక కన్ను పడింది. అది నిండు చూలాలు. ఆ చీకటి అలమార పురిటికి బాగుంటుందని దాని ఆశ. కన్నం నిండా గొట్టమే మరి! కొరకబోయిందంటే కుంకుమ తోకతో నీళ్ళు చిమ్మేది. తొట్టి పక్కన పడుకున్న పిల్లి తడిసి లేచేది. ఎలుక పరారయ్యేది.

ఓ రోజు ఎలుక సోఫా కిందినుంచే మాట కలిపింది. “కుంకుమ వదినా, మీ మంచి కోరి వస్తే పిల్లిని లేపుతావేమిటి?”

“నీ పళ్ళకీ మా మంచికీ ఏం సంబంధమే?” అంది కుంకుమ.

“ఆ పెట్టె గుర్రుమనడం విన్నావుగా? నీళ్ళలోకి షాకు దింపే చప్పుడది. ఇవాళ కాకపోతే రేపు, అందరికీ ఒకేసారి కొడుతుంది. పక్కింటి చేపల బతుకులు అలాగే తెల్లారాయి.”

“అబద్ధం,” అంది పసుపు. “అది గుర్రుమన్నప్పుడే నాకు ఊపిరాడుతుంది.”

“అదేగా మాయ! ముందు సుఖంగానే ఉంటుంది పెద్దొదినా.”

సరిగ్గా అప్పుడే గోడ మీద బల్లి పలికింది.

కుంకుమ ఉలిక్కిపడింది. ఆ ఇంట్లో పెరిగిన చేప కదా! బల్లి పలికినప్పుడల్లా సుభద్రమ్మ మాట ఆపి, “సత్యం, సత్యం” అంటూ బల్ల మీద వేలితో తట్టడం చిన్నప్పటినుంచీ చూస్తోంది. అంత పెద్ద మనిషే నమ్మితే చేప ఎంత?

“విన్నావా? నేను కాదు, గోడే చెప్పింది,” అంది ఎలుక.

“వద్దు చెల్లీ,” అంది పసుపు.

“నీకోసమే అక్కా. షాకు కొడితే ముందు పోయేది నువ్వే.”

ఆ పూట కుంకుమ తోక ఆడించలేదు. పిల్లి హాయిగా నిద్రపోయింది. ఎలుక తీరిగ్గా గొట్టం కొరికి, కన్నంలోంచి లోపలికి దూరింది.

సుభద్రమ్మ ఏదో పెళ్ళికని తాళం వేసుకుని వెళ్ళిన రోజున, మిట్టమధ్యాహ్నం కరెంటు పోయింది. పెట్టె గుర్రుమంది. గప్పీలన్నీ గొట్టం మూతి దగ్గర గుమిగూడాయి. ఒక్క బుడగ రాలేదు.

కుంకుమ గబగబా కన్నంవైపు ఈదింది. తోకతో పిల్లి మీద నీళ్ళు కొట్టింది. పిల్లి లేచి కన్నంలో పంజా పెట్టింది. పట్టలేదు. విసుక్కుని వంటింటి చల్లటి గచ్చు మీదికి పోయి పడుకుంది.

“ఎలుకా! మా గాలి ఏదే?”

“ఇటు వస్తోంది వదినా,” అంది ఎలుక అలమారలోంచి. “పిల్లలు చల్లగా నిద్రపోతున్నారు. గట్టిగా అరవకు.”

“మా అక్క పోతుందే!”

“నా పిల్లలకి చోటు కావాలిగా మరి.”

కుంకుమ గోడవైపు తిరిగింది. “బల్లి అత్తా! నువ్వు సత్యం పలికావు కదా?”

“నేనా?” అంది బల్లి. “ట్యూబులైటు దగ్గర నా పురుగును ఇంకో బల్లి నొక్కేయబోతే గదమాయించాను. కింద మీరేం మాట్లాడుకుంటున్నారో నాకేం తెలుసు?”

కుంకుమకు ఏడుపొచ్చింది. అక్క కిందికి దూరి, వీపుతో పైకి ఎత్తిపట్టింది. “అక్కా, నీ ప్రాణం కాపాడదామనే చేశాను.”

“తెలుసులే,” అంది పసుపు. “ఇక మాట్లాడించకు. గాలి చాలట్లేదు.”

కరెంటు వచ్చేసరికి పొద్దు వాలింది. పెద్ద మోటారు తిరిగి బుడగలు లేచాయి. గప్పీలు బతికాయి, కుంకుమా బతికింది. బుడగల తోపుకు పసుపు అటూ ఇటూ కదులుతుంటే, అక్క ఈదుతోందనుకుని కుంకుమ చాలాసేపు పక్కనే తిరిగింది.

భయపెట్టి చెప్పే మాటకు ఎవరు సాక్ష్యం పలికారని కాదు, దానివల్ల ఎవరికి చోటు దొరుకుతుందని చూసుకోవాలి.