తిప్పి గీసిన పాదం

ఈ కథలో ముందు జరిగినది వెనక, వెనక జరిగినది ముందు చెప్పినా చెబుతాను. ఈమధ్య నా జ్ఞాపకం అట్లా ఉన్నది. అందుకే పూర్తిగా మరచిపోకముందే రాసి పెడుతున్నాను.

గూడూరులో రైలు గేటు దాటగానే వచ్చే మొదటి సందులో వనజ అనే ఆమె ఉండేది. చేతిలో పని ఉన్నప్పుడు ఎవరు పిలిచినా కసురుకోవడం ఆమె అలవాటు. పని మాత్రం గొప్పగా చేసేది. పగిలిన టైల్సు, విరిగిన పింగాణీ కప్పులు, గాజుల ముక్కలు తెచ్చి, పట్టకారుతో చిన్నచిన్నగా విరిచేది. అంచులు రాతి మీద అరగదీసి, పలక మీద జిగురుతో ఒక్కొక్కటే అతికించేది. జిగురు ఆరాక సందుల్లో తెల్ల సిమెంటు నింపి, తడి స్పాంజితో తుడిస్తే పూలూ చిలకలూ నెమ్మదిగా పైకి తేలేవి. ఊళ్ళో వాటిని మొజాయిక్ పటాలు అనేవారు. బజారులో ఫోటో ఫ్రేముల షాపులో పెడితే అమ్ముడయ్యేవి.

పటంలో రెండు వైపులా ఒకేలా ఉండాలంటే ఆమెకు ఒక పద్ధతి ఉండేది. గీత వెనకవైపుకీ కనపడే పలచటి బటర్ పేపరు మీద ఒక వైపే గీసేది. ఆ కాగితాన్ని తిప్పి పరిస్తే రెండో వైపు వచ్చేది. చిలక కుడి రెక్క గీస్తే చాలు, ఎడమ రెక్క దానంతటదే తయారు.

ఇంట్లో భర్త పెంచలయ్య, బడికి వెళ్ళే ఇద్దరు పిల్లలు, అత్త చెంగమ్మ ఉండేవారు. పెంచలయ్య బస్సు డిపోలో మెకానిక్కు. తెల్లారకముందే వెళ్ళిపోయేవాడు. కుక్కరు మూడు కూతలు వేసేలోపు వనజ రెండు వరసలు అతికించేది. పిల్లల జడలు వేసే చేతికి జిగురు, పటం పట్టే చేతికి కొబ్బరినూనె. చెంగమ్మ మంచం మీద కూర్చుని చేటలో ముక్కలను రంగుల వారీగా ఏరిపెట్టేది.

"మీ మామ పోయినప్పుడు నా గాజులన్నీ పగలగొట్టి పారేశారు," అనేది నవ్వుతూ. "ఏరి పెట్టుకునుంటే ఈపాటికి ఒక చిలకన్నా అయ్యేది."

"ఊరుకో అత్తా! పొద్దున్నే ఆ మాటలేంది?" అనేది వనజ.

ఆగండి, డాక్టరు మాట ఇంకా ముందే చెప్పి ఉండవలసింది. చెంగమ్మకు పదిహేనేళ్ళుగా షుగరు ఉండేది. కాళ్ళు మొద్దుబారిపోయాయి. నిప్పు మీద కాలు పెట్టినా ఆమెకు తెలిసేది కాదు. డాక్టరు వనజను పిలిచి గట్టిగా చెప్పాడు.

"ఈ కాళ్ళకు నొప్పి తెలీదమ్మా. ఆ నొప్పి చేయాల్సిన పని ఇకమీదట మీ కళ్ళు చేయాలి. చిన్న గాయం చూడకుండా వదిలేస్తే కాలే పోతుంది. ఇంట్లో కూడా చెప్పులు వేయించండి."

చెంగమ్మ చెప్పులకు ఒప్పుకోలేదు. "దేవుడి పటాలున్న ఇంట్లో చెప్పులేసుకుని తిరగనా? నా వల్ల కాదు," అంది.

అందుకని వనజ ఒక నియమం పెట్టుకుంది. రోజూ దీపాల వేళకు పని ఆపేది. నేల ఊడ్చి, చపాతీ పిండి ముద్దను గచ్చంతా అద్దేది. చీపురుకు దొరకని గాజు నలుసులన్నీ ఆ ముద్దకు అంటుకునేవి. తర్వాత చెంగమ్మ కాళ్ళు ఒళ్ళో పెట్టుకుని, తడిగుడ్డతో తుడిచి, వేళ్ళ మధ్య కూడా విప్పి చూసేది. ఆ తర్వాతే దీపం పెట్టేది. నాలుగేళ్ళు ఒక్కరోజు కూడా తప్పలేదు. చెంగమ్మ కాలికి చిన్న గీత కూడా పడలేదు.

ఒకరోజు దశరథరామయ్య అనే రైసుమిల్లు యజమాని కారు దిగి వాళ్ళ ఇంటికి వచ్చాడు.

"కొత్త ఇల్లు కట్టాం వనజమ్మా. గుమ్మంలో అడుగు పెట్టగానే ఎదురుగోడ మీద శ్రీపాదాలు కనపడాలి. మనిషంత ఎత్తు పటం. వచ్చే నెల ఏడున గృహప్రవేశం. చేయగలవా? లేకుంటే మద్రాసులో చెప్పుకుంటా."

ఏడో తేదీకి ఇంకా పద్దెనిమిది రోజులే ఉన్నాయి. అంత పెద్ద పటం వనజ ఎప్పుడూ చేయలేదు. ఆ ఇంటి గోడ మీదికి ఎక్కితే ఊరంతా తన పని చూస్తుంది.

"మద్రాసు ఎందుకయ్యా? నేను చేస్తా," అంది.

మర్నాడే పలక వచ్చింది. అది ముందుగదిలో సగం ఆక్రమించింది. నడవడానికి చెంగమ్మ మంచం పక్కన జానెడు దారి మిగిలింది. ఆ దారి నిండా ముక్కలు.

మొదటిరోజు దీపాల వేళకు వనజ చేతులు జిగురులో ఉన్నాయి. నేల ఊడ్చింది గానీ పిండి ముద్ద అద్దలేదు. రెండోరోజు ఊడ్చను కూడా లేదు. చెంగమ్మ అలవాటుగా మంచం అంచున కూర్చుని రెండు కాళ్ళూ చాపింది.

"అమ్మాయ్, దీపాల వేళయింది."

వనజ తల ఎత్తలేదు. "కనపడతానే ఉంది కదత్తా! దేవుడి కాళ్ళే ఇక్కడ తెమల్లేదంటే మధ్యలో నీ కాళ్ళొకటి! ఒక్కరోజు చూడకపోతే యాడికీ పోవులే!"

చెంగమ్మ కాళ్ళు వెనక్కి తీసుకుని చీర కిందికి ముడుచుకుంది. ఆ తర్వాత మళ్ళీ చాపలేదు. ఆమె చాపకపోవడం వనజకు హాయిగానే అనిపించింది. దీపం మాత్రం చెంగమ్మే లేచి పెట్టేది.

ముక్క ఎప్పుడు గుచ్చుకుందో ఎవరికీ తెలియదు. ఒక ఉదయం చెంగమ్మ తన మంచం నుంచి దేవుడి గూటి దాకా గచ్చు మీద ఎర్రటి మచ్చలు చూసింది. ఎవరిదా రక్తం అని వెతికింది. తనదే. ఎడమ కాలి బొటనవేలి కింద వడ్లగింజంత నీలం గాజుముక్క దిగి ఉంది. దాన్ని తనే పీకేసింది. పసుపు అద్ది, పాత చీరపేలిక కట్టింది. కొంగుతో నేల తుడిచి, నీలం ముక్కను కడిగి, నీలం ముక్కల కుప్పలోనే వేసింది.

పటం సగానికి వచ్చింది. అంచున తామరలు కుదిరాయి గానీ పాదాలు కుదరలేదు. కాగితం మీద వేళ్ళు ఎన్నిసార్లు గీసినా అరటిపళ్ళ హస్తంలా కనిపించాయి. వనజకు ఏడుపు వచ్చినంత పనైంది. అప్పుడు ఆమె బటర్ పేపరు తీసుకుని మంచం దగ్గరికి వచ్చింది.

"అత్తా, ఒకసారి కాలు చాపు. చూసి గీసుకుంటా."

చెంగమ్మ మొహం ఒక్క క్షణం వెలిగింది. కుడికాలు చాపింది. "నా కాళ్ళా దేవుడికి? పాపం తగులుద్దే!" అని నవ్వింది.

"నీ కాళ్ళు అందంగా ఉంటాయిలే," అంటూ వనజ కాగితం మీద పాదం పెట్టించి పెన్సిలుతో చుట్టూ గీసింది. చెంగమ్మ కుడి చిటికెన వేలు కొద్దిగా లోపలికి వంగి ఉండేది. ఆ వంపు కూడా గీతలోకి వచ్చింది. పాదానికి ప్రాణం వచ్చినట్టయింది.

"ఇప్పుడు రెండోది చాపు."

చెంగమ్మ చాపలేదు. "రెండోది ఎందుకే? కాగితం తిప్పి పరుచుకో. చిలకలకి అట్టనేగా చేస్తావు? అదే ఎడమ కాలవుద్ది."

వనజకు ఆ మాట నచ్చింది. సగం పని తగ్గింది కదా. "నీ తెలివే తెలివి అత్తా!" అని కాగితం తీసుకుని వెళ్ళిపోయింది. చీర అంచున కొద్దిగా కనపడుతున్న పేలిక ఆమె చూడలేదు.

ఇంకో మూడు రోజులకు ఇంట్లో వాసన మొదలైంది.

"ఏందే ఈ కంపు? ఎలుక చచ్చినట్టుందే," అన్నాడు పెంచలయ్య డ్యూటీ నుంచి వచ్చి.

"గమ్ము వాసనేమోలే," అంది వనజ.

"పదేళ్ళ నుంచి గమ్ము పీలుస్తానే ఉండాను. ఇది గమ్ము కాదు."

ఇద్దరూ వెతికారు. ముక్కల బస్తాలు జరిపారు. బీరువా వెనక చీపురుపుల్లతో పొడిచారు. అటక మీద చూశారు. చెంగమ్మ దుప్పటి మెడ దాకా కప్పుకుని చూస్తూ కూర్చుంది.

"మంచం కింద చూశావా అమ్మా?" అని అడిగాడు పెంచలయ్య.

"చూశాలే నాయనా, ఏం లేదు. దూలం మీద చచ్చుంటది. రెండు రోజుల్లో ఎండిపోద్ది," అంది చెంగమ్మ. మర్నాటి నుంచి పొద్దునా సాయంత్రం సాంబ్రాణి వేసింది. పిల్లలు సంబరపడ్డారు. జ్వరంతో వణుకుతుంటే, వానగాలి పడలేదని చెప్పింది. ఆమె అన్నం సగం విడిచిపెడుతున్నదని కూడా ఎవరూ గమనించలేదు.

ఆరో తేదీ మధ్యాహ్నానికి పటం పూర్తయింది. వనజ ఆఖరిసారి స్పాంజితో తుడిచింది. తెల్లటి మసక తొలగి, నీలం తామరల నడుమ రెండు పాదాలు మెరిశాయి. చూడవచ్చిన ఇరుగుపొరుగు చేతులు జోడించారు. పెంచలయ్య ట్రాలీ ఆటో తెచ్చి పటాన్ని ఎక్కించుకుని వెళ్ళాడు.

ఇల్లు ఒక్కసారిగా ఖాళీ అయింది. వనజ తృప్తిగా చీపురు పట్టింది. పదిహేడు రోజుల తర్వాత పిండి ముద్ద కలిపి గచ్చంతా అద్దింది. మంచం కిందికి వచ్చేసరికి ముద్దకు గాజు నలుసులతో పాటు చీము ఎండిన పేలిక ఒకటి అంటుకుని వచ్చింది. వాసన అక్కడినుంచే వస్తున్నది.

ఆమె ముద్ద కింద పడేసింది. "అత్తా, కాళ్ళు చాపు."

చెంగమ్మ కుడికాలు చాపింది.

"రెండోది."

చెంగమ్మ కదలలేదు. వనజ దుప్పటి లాగేసింది. ఎడమ బొటనవేలు బొగ్గులా ఉంది. ఆ నలుపు చీలమండ దాకా పాకింది. పైన పిక్క వాచి మెరుస్తున్నది.

"ఎందుకు చెప్పలేదత్తా? ఎందుకు చెప్పలేదు?" వనజ కేక వేసింది.

"నొప్పుంటే చెప్పేదాన్నే తల్లీ," అంది చెంగమ్మ. ఆమె మాట ముద్దగా వచ్చింది. "నొప్పే లేని దానికి నిన్ను పని మీద నుంచి లేపడం ఎందుకని ఊరుకున్నా. లేపితే నీకు కోపం గదా."

నెల్లూరు ఆసుపత్రిలో ఆమె కాలు మోకాలి పై దాకా తీసేశారు. అప్పటికే విషం ఒంట్లోకి వెళ్ళిపోయిందన్నారు. మూడోరోజు ఆమెకు తెలివి వచ్చింది. కళ్ళు తెరిచి వనజను చూసింది.

"పటం నచ్చిందన్నారా?"

"నచ్చిందన్నారత్తా."

"రెండు పాదాలూ కుదిరాయా?"

వనజ తల ఊపింది. మరి రెండు రోజులకు చెంగమ్మ చనిపోయింది.

కర్మలన్నీ అయ్యాక దశరథరామయ్య కబురు పంపాడు. వనజ వెళ్ళింది. ఆ ఇంటికి వచ్చినవాళ్ళందరూ పటంలోని పాదాలను తాకి, చేతులు కళ్ళకు అద్దుకుంటున్నారు.

"రెండూ అచ్చు ఒకేలా ఎట్లా తెచ్చావమ్మా!" అన్నాడాయన సంతోషంగా. "మా అల్లుడు ఇట్లాంటిదే కావాలంటున్నాడు."

వనజ పటం దగ్గరికి వెళ్ళి నిలబడింది. కుడి చిటికెన వేలికి వంపు ఉంది. తిప్పి గీసినది కనక ఎడమ చిటికెన వేలికీ అదే వంపు ఉంది. అత్త ఎడమ వేలు నిజంగా అట్లా ఉండేదా? నాలుగేళ్ళు రోజూ ఒళ్ళో పెట్టుకుని తుడిచిన కాలు. కళ్ళు మూసుకుని గుర్తు తెచ్చుకోవాలని చూసింది. గుర్తు రాలేదు. ఆ కాలు ఇప్పుడు ఎక్కడా లేదు, చూద్దామన్నా.

"నేను పాదాలు చేయలేనయ్యా," అని చెప్పి ఆమె ఇంటికి వచ్చేసింది.

వనజ ఇప్పటికీ పటాలు చేస్తుంది. పూలు, చిలకలు. దీపాల వేళకు పని ఆపేసి, పిండి ముద్ద అద్ది, పిల్లల కాళ్ళూ పెంచలయ్య కాళ్ళూ పట్టి చూస్తుంది. వాళ్ళ కాళ్ళకు నొప్పి తెలుస్తుంది, చూడవలసిన పని లేదు. అయినా ఎవరూ వద్దనరు.

అరుంధతీ, నువ్వు ఆ సందులోనే కాపురం చేశావు కనక ఈ పేర్లు ఒకసారి చూసిపెట్టమ్మా. ఆవిడ చెంగమ్మో మంగమ్మో నాకు మళ్ళీ అనుమానం వస్తున్నది. పెంచలయ్య పేరు సరైనదే అనుకుంటాను. తప్పయితే కొట్టేసి రాయి, ముందువెనకలు కూడా సరిచెయ్యి. చివరి మాట మాత్రం దిద్దకు.

నీతి: మన మీద ఆధారపడినవాళ్ళు నోరు విప్పి చెప్పడం లేదు కదా అని వాళ్ళు బాగున్నారనుకోకూడదు; పని ఎంత ఉన్నా, రోజూ మన కళ్ళతో మనమే చూసుకోవాలి.