గవరమ్మ ఆగిన గుమ్మం

అనగా అనగా, మన తాతల తాతలింకా గుడ్డులోనే ఉన్న రోజుల్లో, ఏటి ఒడ్డున బంగారయ్యకి మూడు కోళ్లపాకలుండేవి. ఆ కోళ్ల గుడ్లు సంతకి వెళ్తేనే ఊళ్లో పొయ్యిలు వెలిగేవి.

పాకలు ఊడ్చేది గవరమ్మ. నా అన్నవాళ్లు లేరు. పెట్టలే పిల్లలు. "జబ్బుదాన్ని ముందు సూడాల, మంచిదాన్ని తరవాత" అనేది. మనుషుల ఇళ్లలో అదే కదా ధర్మం!

ఒకనాడు పొద్దున్నే మొదటి పాక తలుపు తీసింది. నిన్న గుడ్డు పెట్టిన పెట్టలు ఇవాళ కాళ్లు చాపేశాయి. తురాయిలు నల్లబడిపోయాయి. నేలంతా పచ్చటి రెట్ట.

"ఓలమ్మో, ఏటిది!"

ఏడుస్తూనే కొన ఊపిరితో ఉన్నవాటికి నీళ్లు పట్టింది. ఆ కాళ్లతోనే రెండో పాకకి పోయి మేత వేసింది. మూడో పాకకి పోయే తీరిక దొరకలేదు. దాన్ని బంగారయ్యే చూసుకున్నాడు.

మూడు రోజులు తిరిగేసరికి మొదటి పాకలో ఒక్కటీ మిగల్లేదు. రెండో పాకలోనూ పెట్టలు టపటపా రాలిపోతున్నాయి.

బంగారయ్య హడలిపోయాడు. "రాయే గవరమ్మా! ఈ మూడోదైనా నీ సేతులో పెడతాను. నీ సెయ్యి సల్లనిది" అన్నాడు.

గవరమ్మ పరుగున వచ్చింది. గుమ్మం దాటబోతూ కాలెత్తింది. వేళ్ల సందున పచ్చటి రెట్ట! ఎత్తిన కాలు ఎత్తినట్టే ఉండిపోయింది.

"నాను రాను బాబూ."

"అదేటే?"

"నానెల్లిన రెండు పాకలూ సచ్చిపోనాయి. ఎల్లని పాకే బతికుంది. సావుని నానే మోసుకొచ్చినాను బాబూ, ఈ కాళ్లతో!"

గవరమ్మ వెనక్కి తిరిగింది. చచ్చినవాటిని లోతుగా పాతి, సున్నం పోసింది. ఖాళీ అయిన రెండు పాకలూ తగలబెట్టింది. మూడో పాక బతికింది. ఊరు బతికింది.

తెగులు పోయినా ఆమె మళ్లీ ఏ పాకలోనూ అడుగుపెట్టలేదు. ఆమె గొంతు వింటే పెట్టలు తడికె దగ్గరికి ఎగబడేవి. ఆమె దారిలోనే నిలబడి కళ్లు తుడుచుకునేది. అంత ప్రేమ పెట్టుకుని అంత దూరంగా ఎలా బతికిందో!

ఆమె పోయాక ఊరివాళ్లు, కాళ్లతో తెగులు లోపలికి రాకుండా, పాక గుమ్మాల్లో సున్నం పోశారు. నేటికీ ఆ వైపు మంచి కోళ్లకి ముందు మేత వేస్తారు, జబ్బు కోళ్లకి ఆఖర్న. సున్నం తొక్కకుండా ఎవరైనా లోపలికి పోబోతే, ఎంత గొప్పవాడైనా సరే, రెక్క పట్టుకుని ఆపేస్తారు.

"గవరమ్మే ఆగింది. నువ్వెంత?"