జాడలమ్మ పుట్ట దగ్గర తొలి తట్ట

బహుధాన్య నామ సంవత్సరం, ఆషాఢ బహుళ షష్ఠి, గురువారం, పొద్దు బారెడెక్కిన వేళ మా వంశపు పెద్దావిడ దాలమ్మ తన తోడికోడలి పొయ్యి మీది కుండను కాలితో తన్నింది. జాడలమ్మ తల్లి మనకు తెలిసివచ్చింది ఆ పూటేనని మా అత్తగారు చెప్పేవారు. ఆవిడకు వాళ్ళ అత్తగారు చెప్పారట.

ఏడువాకల ఊరు దాటి కొండవాలు ఎక్కివచ్చే భక్తులకు ఇక్కడ గోపురం కనబడదు. నిలువెత్తు చెదపుట్ట, దానికి పసుపూ కుంకుమా, పైన తాటాకు పందిరి. అంతే. తొలి ఉరుములు ఉరిమిన మూడో నాటికి పుట్ట చుట్టూ తెల్లగా పుట్టగొడుగులు లేస్తాయి. నేను కోడలినై వచ్చిన ఏడు మొదటిసారి చూశాను. తడిమన్ను వాసన, పిడికిలి విప్పుతున్నట్టు విచ్చుకునే ఆ గొడుగులు, మా అత్తగారు చెప్పులు విడిచి చేతులు జోడించి నిలబడటం, అన్నీ ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టే ఉన్నాయి.

పూర్వం ఇక్కడ మేకల మందలే తప్ప మనిషి అలికిడి ఉండేది కాదు. మేకలు కాసుకుంటూ దాలమ్మ ఈ పుట్టను కనిపెట్టింది. ఆషాఢంలో గాదెలు అడుగంటుతాయి కదా, ఆ పదిహేను రోజులూ ఇంటిల్లిపాదికీ పుట్టగొడుగుల కూరే ఆధారం. మిగిలినవి దండలు గుచ్చి అటక మీద ఎండబెట్టేవారు. జ్వరం పడి లేచినవారికీ, బాలింతలకూ మిరియాలూ వెల్లుల్లీ వేసి ఆ చారు కాచి పోయడం ఆనాటి వైద్యం. అయితే చోటు చెబితే పుట్ట ఎండిపోతుందని ఒక నమ్మకం ఉండేది. అందుకని దాలమ్మ కట్టుకున్నవాడికి కూడా జాడ చెప్పలేదు.

ఒకసారి చిన్న తోడికోడలు అసిరమ్మ వెనకాలే రాబోయింది. దాలమ్మ తిరిగి చూసి, "నా అడుగులో అడుగేస్తే నీ ఇంట దీపం నిలవదు" అనేసింది. ఆనాటినుంచి మాటల్లేవు. రెండిళ్ళ నడుమ ముళ్ళకంచె లేచింది.

ఆ బహుధాన్య ఏడు అసిరమ్మ కూతురు సన్నెమ్మ పురిటికి వచ్చింది. జ్వరం తగిలి పాలు ఎండిపోయాయి. బిడ్డకు పదకొండో రోజు. ఏడ్చే ఓపిక కూడా లేక చీమ కూసినంత సన్నగా మూలుగుతున్నాడు. కంచె ఇవతల దాలమ్మకు వినబడుతూనే ఉంది. అటక మీద దండలు అయిపోయాయి. తానే ఏరి తెచ్చి ఇద్దామంటే మాటల్లేని ఇల్లాయె. పుట్ట జాడ చెబుదామంటే తన పిల్లల మొహాలు గుర్తొచ్చాయి.

ఆ తెల్లవారుజామున ఆమెకు ఒక కల వచ్చింది. వానలో తడిసిన ముసలామె నెత్తిన బరువు తట్టతో నిలబడి ఉంది. "దించుకోండే. ఒక్కదాని చేతికి ఇది దిగదు" అందట.

పొద్దెక్కాక కంచె సందులోంచి చూస్తే అసిరమ్మ చారు కాస్తోంది. ఆమే అడవికెళ్ళి ఏరుకొచ్చిన గొడుగులు. పక్కన మిగిలినవాటికి కాడ అడుగున గుడ్డుపెంకులాంటి తొడుగు ఉంది. పుట్ట మీద లేచే మంచి గొడుగుకు అది ఉండదు, పొడుగాటి కాడ వేరులా పుట్టలోకి దిగిపోతుంది. దాలమ్మ కంచె మీంచి దూకింది. ముళ్ళకు చీర చిరిగింది. కుండ తన్నేసింది.

అసిరమ్మ నేలమీదికి ఒలికిపోయిన చారు చూసి, మెల్లగా అంది. "నా గుంట సన్నెమ్మ బతకడం కూడా నీకు గిట్టలేదా అక్కా?"

దాలమ్మ ఒగరుస్తూ నిలబడింది. "అయి ఇసం గొడుగులే పిచ్చిమొకమా. తట్ట తియ్యి. జాడ సూపిస్తాను."

"సోటు సెప్తే పుట్ట ఎండిపోద్దంటారు కదా."

"ఎండితే ఎండనీ. నీ గుంట ఎండకూడదు."

ఇద్దరూ ఎక్కారు. పుట్ట చుట్టూ కాలు పెట్టే చోటు లేదట. ఒక్క ఇంటికి ఎన్నడూ అన్ని మొలవలేదు. తట్ట నిండింది. మోసుకొచ్చింది అసిరమ్మ. వాకిట్లో ఒక్కతే దించలేకపోతే దాలమ్మ చెయ్యి వేసింది. అప్పుడు ఆమెకు కల గుర్తొచ్చి, కొండవైపు తిరిగి దండం పెట్టింది.

జాడ చెప్పించిన తల్లి కనుక జాడలమ్మ అయింది. నేటికీ తొలి తట్టను అమ్మవారి ముందు ఇద్దరు ఆడవాళ్ళు దించాలి. ఆ ఇద్దరూ మాటలు మానుకున్నవారై ఉండాలి. అలాంటివారు ఏ ఏడూ దొరకకపోలేదు. దించాక మొదటి వాటా ఊరిలో బాలింత ఉన్న ఇంటికి వెళుతుంది. ఏరినదాన్ని తెలిసిన పెద్దచెయ్యి తిరగేసి చూడందే ఎవరూ పొయ్యెక్కించరు. ఇలా నడుచుకున్న ఇళ్ళలో పసిబిడ్డ ఆకలితో ఏడవదని మా నమ్మకం.

దాలమ్మ జాడ చూపిన ఆనాటి సాయంత్రం సన్నెమ్మ రెండు గిన్నెల చారు తాగింది. తెల్లవారేసరికి చెమట పట్టి జ్వరం దిగింది. బిడ్డ గుక్కలు వేస్తూ పాలు తాగడం కంచె ఇవతలికి వినబడింది. మరునాడు పొద్దున్నే రెండిళ్ళవాళ్ళూ కలిసి ముళ్ళకంచె పీకేశారు. ఆ కంపనే పొయ్యిలో పెట్టి, అందరికీ ఒకే కుండలో చారు కాచారు.