పులిహోర ఎర్రబడిన పూట

"నెత్తురు! అన్నంలో నెత్తురు!"

కేక వీధి ఆ చివరనుంచి వచ్చింది. చిదంబరం మాస్టారి అరుగు మీద కూర్చున్న మల్లీశ్వరి ప్రశ్న అడగడమైతే అడిగింది గానీ, జవాబు కోసం ఎత్తిన మొహం అటు తిరిగిపోయింది.

ఆ ప్రశ్న ఏమిటో ముందు చెప్పుకోవాలి. మాస్టారు రేపల్లె హైస్కూల్లో సైన్సు చెప్పి రిటైరైన మనిషి. ఇప్పుడు ఒక వారపత్రికకి రాస్తుంటారు. ఉల్లిపాయ కోస్తే కళ్ళనీళ్ళెందుకు, కరెంటు తీగ మీద కూర్చున్న కాకికి షాకెందుకు కొట్టదు, నీళ్ళలో నానితే వేళ్ళెందుకు ముడతలు పడతాయి, ఇలాంటివి. టీకొట్టు దగ్గర ఒకడు చదివితే పదిమంది చెవులప్పగించి వింటారు. కెమిస్ట్రీలో ఎమ్మెస్సీ చేసిన మల్లీశ్వరి ఆ విద్య నేర్చుకుందామనే ఆయన దగ్గర శిష్యురాలిగా చేరింది. కొత్తగా కనిపెట్టిన ఒక గ్రహం గురించి ఎంతో కష్టపడి వ్యాసం రాసి పంపితే, పత్రికవాళ్ళు మర్యాదగా తిప్పి పంపారు. ఆ దిగులుతోనే వచ్చింది.

"అన్నీ నిజాలే రాశాను మాస్టారూ. ఒక్క తప్పు లేదు. అసలు జనానికి ఒక సంగతి చెప్పాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?"

అడిగిన ప్రశ్నకి అడిగినచోటే జవాబు చెప్పే అలవాటు మాస్టారికి లేదు. చెప్పుల్లో కాళ్ళు పెట్టి, "ఎలాగూ మనల్ని భోజనానికి పిలిచిన ఇల్లే కదా. పద, ఆ నెత్తురేదో చూద్దాం" అని నడిచారు.

ఆ ఇల్లు రమణమ్మది. ఆవేళ ఆవిడ కూతురు సుభాషిణికి తాంబూలాలు పుచ్చుకోవడం. పాపం, ఆ పిల్లకి కిందటేడు ఒక సంబంధం ఇక్కడిదాకా వచ్చి, పిల్లి ఎదురొచ్చిందన్న ఒక్క మాట మీద వెనక్కి మళ్ళిపోయింది. అందుకని ఈసారి రమణమ్మ ఏ చిన్న లోటూ రానివ్వలేదు. పొద్దున మగపెళ్ళివారు దిగగానే గుమ్మంలో దిష్టి తీయించి మరీ లోపలికి తీసుకెళ్ళింది. గేటు ముందు పారబోసిన ఎర్రనీళ్ళ తడి ఇంకా ఆరలేదు. మల్లీశ్వరి చీర కుచ్చిళ్ళు పైకి పట్టుకుని దాన్ని దాటి లోపలికి పరుగెత్తింది.

పెరట్లో పందిరి కింద పెద్ద బేసిన్. దాన్నిండా పులిహోరకని పసుపు, నూనె వేసి కలుపుతున్న అన్నం. బంగారంలా ఉండాల్సిన అన్నం మీద అయిదు వేళ్ళూ ఈడ్చినట్టు ఎర్రటి చారలు! పక్కన సుభాషిణి మేనత్త తిరుపతమ్మ నిలబడి తన చేతులు తానే చూసుకుంటోంది. కేక పెట్టింది ఆవిడే.

"ఎక్కడ తెగిందే నీకు?" అంటోంది రమణమ్మ.

"తెగలేదొదినా! ఒట్టు, ఎక్కడా తెగలేదు!" అంటూ తిరుపతమ్మ అరచేతులు చూపించింది. చూపించకపోతేనే బాగుండేది. రెండు చేతులూ ఎర్రగా ఉన్నాయి, గాయమన్నది మాత్రం లేదు.

అప్పటికే పెళ్ళికొడుకు పెదనాన్న బసవయ్య కండువా దులిపి భుజాన వేసుకున్నాడు.

"శుభమా అని తాంబూలాలకొస్తే అన్నంలో నెత్తురా? ఇంతకంటే అపశకునం ఇంకేం చూడాలి? లేవండర్రా, కారెక్కండి."

పెళ్ళికొడుకు లేవలేదు. అలాగని నోరు విప్పే ధైర్యమూ లేదు. గది గుమ్మంలో కొత్త చీరలో నిలబడిన సుభాషిణి తలుపు పట్టుకుంది. మళ్ళీ అదే జరుగుతోందని ఆ పిల్ల మొహమే చెబుతోంది.

మల్లీశ్వరి ఒక్కసారి చుట్టూ చూసింది. అరుగు మీద తమలపాకుల పళ్ళెం, సున్నం డబ్బా, చుట్టిపెట్టిన కిళ్ళీలు కనిపించాయి. అంతే, విషయం మెరుపులా తెలిసిపోయింది. ఆనందం పట్టలేక ముందుకొచ్చి నిలబడింది.

"ఎవరూ భయపడకండి! ఇది ఒట్టి రసాయన చర్య! పసుపులో కర్కుమిన్ అనే పదార్థం ఉంటుంది. దానికి క్షారం తగిలితే అణువు నిర్మాణం మారి..."

"రసాయనమా?" అన్నాడు బసవయ్య.

"అన్నంలో రసాయనం కలిపారటర్రా!" అని వెనకనుంచి ఒక ముసలమ్మ అందుకుంది.

"క్షారమంటే చేలో కొట్టే మందేనా?" అని ఇంకెవరో అడిగారు.

"అయ్యో, కాదండీ! క్షారమంటే..." మల్లీశ్వరి చెప్పేకొద్దీ జనం వెనక్కి జరిగారు. అప్పటిదాకా కూర్చునున్న ఇద్దరు ముగ్గురు కూడా లేచారు. ఇందాక ఒట్టి అపశకునం, ఇప్పుడు విషం కూడానూ! నిజమే చెబుతున్నా నిప్పులో నెయ్యి పోసినట్టు ఎందుకవుతోందో ఆమెకి అంతుబట్టలేదు. మాస్టారి వంక చూసింది.

మాస్టారు బేసిన్ వంకే చూడలేదు. తిన్నగా బసవయ్య దగ్గరికి వెళ్ళి, కుశలమడిగినంత తీరిగ్గా అడిగారు.

"అన్నగారూ, పొద్దున ఈ ఇంట్లో అడుగు పెట్టబోతుంటే మీకేం చేశారు?"

"ఏం చేస్తారు? దిష్టి తీశారు."

"దేనితో?"

"ఎర్రనీళ్ళతో. దిష్టి ఇంక దేనితో తీస్తారు మాస్టారూ, ఇప్పుడా ఇవన్నీ?"

"ఆ ఎరుపు ఎక్కడిదంటారు? బజార్లో రంగు కొన్నారా?"

"బజారెందుకు? పసుపునీళ్ళలో ఇంత సున్నం వేస్తే అదే..." అని బసవయ్య నోరు తెరిచినవాడు తెరిచినట్టే ఆగిపోయాడు. ఆయన చూపు తిరుపతమ్మ చేతుల మీదికి వెళ్ళింది. అక్కణ్ణుంచి కిళ్ళీల పళ్ళెం మీదికి వెళ్ళింది.

"ఏమమ్మా, కిళ్ళీలు చుట్టింది నువ్వేనా?"

"నేనే అన్నయ్యగారూ. ఆలస్యమైపోతోందని చెయ్యి కొంగుకి తుడుచుకుని అన్నం కలపడానికి..." తిరుపతమ్మ నుదురు కొట్టుకుంది. "అయ్యో నా మతిమండా!"

ఎవరో కిసుక్కుమన్నారు. బసవయ్య మాత్రం కండువా తీయలేదు. పెద్దమనిషి, అంత తొందరగా దిగిరాడు కదా. "సరే, సున్నమే అనుకుందాం. ఆ చారలు చూస్తూ చూస్తూ ఎవరు తింటారు?"

"ఇంకా నిమ్మరసం పిండలేదుగా" అన్నారు మాస్టారు. "సుభాషిణీ, ఇలా రామ్మా."

సుభాషిణి వచ్చింది. నిమ్మచెక్క తీసుకుని, ఎర్రచార ఉన్నచోట పిండి, గరిటెతో అటూ ఇటూ కలిపింది. అందరూ మెడలు చాచారు. ఎరుపు కాస్తా నారింజ అయింది, నారింజ పలచబడింది, చూస్తూ ఉండగానే అన్నం నిగనిగలాడే పసుప్పచ్చగా మారిపోయింది. ఆ పిల్ల ఇంకో చెక్క పిండింది, ఇంకోటి పిండింది. పిండుతూ పిండుతూ నవ్వేసింది. పెళ్ళికొడుకు ఆవేళ మొదటిసారి ధైర్యంగా తలెత్తి ఆ నవ్వు చూశాడు.

తిరుపతమ్మ రెండు చెక్కలు లాక్కుని అరచేతులకి రుద్దుకుంది. "హమ్మయ్య! నా చేతులు నాకొచ్చాయే ఒదినా!" అంటే పందిరంతా గొల్లుమంది. రమణమ్మ నవ్వబోయి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కాసేపు ఏడ్చింది.

బసవయ్య మల్లీశ్వరి వైపు తిరిగాడు. "ఈ మాత్రం దానికి మమ్మల్నంత హడలగొట్టావేం తల్లీ? సున్నమని ముందే చెప్పొచ్చుగా?"

"అదే చెప్పానండీ!"

"ఎక్కడ చెప్పావు? నువ్వు రసాయనమన్నావు!"

"సరేలెండి, అపశకునం అన్నదెవరు?" అని వెనకనుంచి ముసలమ్మ ఆయన్నే ఎదురు పొడిచింది. ఇందాక రసాయనమని గగ్గోలు పెట్టింది ఈవిడే మరి! బసవయ్య కండువా తీసి దండెం మీద వేశాడు. "విస్తళ్ళు వేయండర్రా. ఆ పులిహోర ముందు నాకే వడ్డించండి. తాంబూలాల వేళ దాటకముందే తినేద్దాం."

పందిరి కింద రెండు బంతులుగా అందరూ కూర్చున్నారు. తిరుపతమ్మ కడిగిన చేతులు అందరికీ ఎత్తి చూపించి మరీ వడ్డనకి దిగింది. మల్లీశ్వరి మాస్టారి పక్క విస్తరి ముందు చతికిలబడింది. ఆకలి దంచేస్తోంది, మనసు మాత్రం ఇంకా అరుగు దగ్గరే ఉంది.

"మాస్టారూ, ఎక్కడ మొదలుపెట్టాలని ఇందాక నేనడిగిన ప్రశ్న..."

మాస్టారు ఒక ముద్ద నోట్లో పెట్టుకుని, పులుపు సరిపోయిందన్నట్టు తలూపారు.

"గేటు ముందు ఎర్రనీళ్ళు నువ్వూ దాటుకునే వచ్చావుగా, అమ్మాయ్. తిను ముందు."